దావత్ వంటలో గ్యాస్ బండను పడుకోబెడితే ఏమవుతుంది?

వలీమా వంటలో బిర్యానీ దేగ్ కింద మంట తగ్గగానే బండను పడుకోబెట్టడం, లేదంటే మీద వేడినీళ్లు పోయడం వన్‌టౌన్ నుంచి మచిలీపట్నం దాకా అందరం చూసిందే. గ్యాస్ అయిపోయిందనుకుంటాం. చాలాసార్లు అయిపోదు, చల్లబడుతుంది అంతే.

బండలో ఎక్కువ భాగం ద్రవమే. ఒత్తిడిలో ఉంది కాబట్టి ద్రవంగా ఉంది. నాబ్ తిప్పితే పైనున్న ఆవిరి వెళ్తుంది, ఆ చోటు నింపడానికి కింద ద్రవం మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని తన నుంచి, బండ ఇనుము నుంచే లాక్కుంటుంది. పెద్ద పొయ్యి గంటల తరబడి లాగితే బండకు చెమట పడుతుంది, ఒక్కోసారి మంచు కూడా కడుతుంది. లోపల ఒత్తిడి పడిపోయి మంట కుంగుతుంది.

అప్పుడు పడుకోబెడితే ఆవిరి రావాల్సిన వాల్వ్‌లోకి ద్రవం వస్తుంది. లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 250 లీటర్ల గ్యాస్! రెగ్యులేటర్‌ను చేసింది ఆవిరి కోసం, ద్రవం కోసం కాదు. మంట ఒక్కసారిగా ఎగసి వంటమనిషి మీదికే వస్తుంది. రెండు మూడు బండలను ఒకే పైపుకు సరిగ్గా కలిపిస్తే ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. బావర్చీలకు ఈ సంగతి తెలియక కాదు, రెండో బండ ఖర్చు దగ్గరే వస్తుంది పేచీ.

ఇంటి రెగ్యులేటర్ పని వేరు. లోపలి రబ్బరు పొర, స్ప్రింగ్ కలిసి బండ ఒత్తిడిని పొయ్యికి సరిపడే 30 మిల్లీబార్లకు దించుతాయి. ట్యాంకర్లకు, పెద్ద ట్యాంకులకు ఇంకో రెండు కాపలాలు ఉంటాయి. ఒకటి సేఫ్టీ వాల్వ్: ఒత్తిడి హద్దు దాటితే స్ప్రింగ్‌ను నెట్టుకుని తెరుచుకుంటుంది, తగ్గాక మూసుకుంటుంది. రెండోది ఇందుకు తిరకాసు. పైపు తెగి గ్యాస్ ఉరికితే ఆ ఉరవడికే బిళ్ల వెళ్లి దారి మూసేస్తుంది. అయితే చిన్న లీకుకు అది కదలదు, మామూలు వాడకమే అనుకుంటుంది.

చిన్నదైనా పెద్దదైనా, లీకైన గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో 1997 సెప్టెంబర్ 14న లీకైన ఎల్పీజీ అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు.

14.2 కిలోల బండలో 33 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. అయినా గ్యాస్‌ను నిండా నింపరు. మే నెల ఎండకు ద్రవం ఉబ్బడానికి జాగా కావాలి కదా. అందుకే బండను ఎండలో పెట్టొద్దు.

వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. బండ తీసుకునేటప్పుడు పైపట్టీ మీద అక్షరం, అంకె చూడండి. సి-27 అంటే 2027 జూలై–సెప్టెంబర్‌లో దానికి మళ్లీ పరీక్ష చేయాలి. ఆ గడువు దాటిన బండ ఇస్తే వెనక్కి పంపండి.