తోక ఊగితే బ్రేక్ తొక్కొద్దు!

మేం ఉండేది డాలస్‌లో. కిందటి వేసవిలో ట్రావెల్ ట్రైలర్ అద్దెకు తీసుకుని, మా పికప్ ట్రక్కుకి తగిలించి, పిల్లలతో కొలరాడో బయల్దేరాం. వెనకాలే ఇల్లు వస్తోందని పిల్లలు ఒకటే సంబరం!

అమరిల్లో దగ్గరపడుతుండగా ఓ భారీ లారీ మమ్మల్ని దాటింది. ఆ గాలి తోపుకి ట్రైలర్ ఓసారి కుడికి, ఓసారి ఎడమకి ఊగింది. చూస్తుండగానే మా ట్రక్కునీ ఊపేయడం మొదలెట్టింది. కంగారులో బ్రేక్ తొక్కేశా. ఊపు తగ్గలేదు సరికదా రెట్టింపైంది! అద్దంలో చూస్తే ట్రైలర్ పక్క లేన్లోకి పోతోంది. ‘ఏవండీ...’ అని మా ఆవిడ కేక. బ్రేక్ వదిలేసి, ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టే మీటని చేత్తో మెల్లగా నొక్కా. తోక సర్దుకుంది. నా కాళ్ల వణుకు తగ్గడానికి మాత్రం అరగంట పట్టింది.

తప్పెక్కడ? నాలుగు సైకిళ్లూ ట్రైలర్ వెనక కట్టా. పైగా 40 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నిండుగా ఉంది. అంటే 150 కిలోలు, అదీ ఇరుసుకి వెనకాల! నిజానికి ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందున్న హిచ్ మీద పడాలి. 2,500 కిలోల ట్రైలర్ అయితే 250 నుంచి 375 కిలోలన్నమాట. అందుకే సామాన్లలో 60 శాతం దాకా ఇరుసుకి ముందే సర్దాలంటారు. ఊపుని ఆపే స్వే కంట్రోల్ పరికరాలు సాయం చేస్తాయి కానీ, తప్పుడు సర్దుడిని సరిచేయలేవు.

మీరూ ట్రైలర్ లాగుతుంటే ఇవి గుర్తుపెట్టుకోండి:

* ఊపు మొదలైతే యాక్సిలరేటర్ వదిలేయండి. స్టీరింగ్‌ని నిటారుగా పట్టుకోండి, అటూ ఇటూ తిప్పొద్దు.
* ట్రక్కు బ్రేక్ తొక్కితే ట్రైలర్ వెనక నుంచి నెడుతుంది. ట్రైలర్ బ్రేక్ ఒక్కటే వేస్తే వెనక్కి లాగి, తిన్నగా చేస్తుంది.
* వేగం పెరిగేకొద్దీ ఊపూ పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్లకి పరిమితి గంటకి 55 మైళ్లే.
* బయల్దేరేముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి.

ఆ రాత్రి ఫోన్లో నాన్నకి చెబితే నవ్వారు. ‘వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుందని మా ఎడ్లబండి తోలేవాళ్లకి తెలుసురా. నువ్వు ఇంజినీరింగ్ చదివి ఏం లాభం?’

తెల్లారి నీళ్లు ఖాళీ చేసి, సైకిళ్లు ట్రక్కులోకి మార్చా. మళ్లీ తోక ఊగితే ఒట్టు!