82 ఏళ్ల వేళ్లు, ఒక్క తీగ

రండి పిల్లలూ, ఇవాళ ఓ పెద్దాయన పాటలు వినిపిస్తాను. పేరు బీబీ కింగ్. 1925లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో పుట్టి, పత్తి చేలల్లో పనిచేస్తూ పెరిగాడు. ‘వన్ కైండ్ ఫేవర్’ అనే ఈ ఆల్బం 2008లో వచ్చేనాటికి ఆయనకి 82 ఏళ్లు. స్టూడియోలో చేసిన చివరి ఆల్బం ఇదే. దీనికి గ్రామీ పురస్కారం కూడా ఇచ్చారు.

గిటార్ వినండి. గబగబా స్వరాలు కురిపించడు. ఒక్క స్వరం మీటి, దాన్నే పట్టుకుని ఉంటాడు. అయినా మనం కదలలేం. ఎందుకంటారు?

గిటార్‌కి లోహపు మెట్లుంటాయి కదా. రెండు మెట్ల మధ్య దాగిన శ్రుతి కావాలంటే తీగను నొక్కిపట్టి పక్కకి నెట్టాలి. బిగువు పెరిగి తీగ మరింత వేగంగా కంపిస్తుంది. మన వైణికులు తీగను లాగి గమకం పలికించేదీ ఇలాగే. అయితే కంపనాలు బిగువు వర్గమూలాన్ని బట్టే పెరుగుతాయి. అందుకని శ్రుతి రెండు మెట్లు ఎక్కాలంటే బిగువు పావువంతు పైనే పెరగాలి. ఆ వయసు వేళ్లకి అదేమీ చిన్న పని కాదు!

ఆయన వాయించే బ్లూస్ సంగీతానికి ప్రాణమంతా మెట్ల మధ్య ఉన్న ఆ సందులోనే ఉంది. షడ్జం సెకనుకు 220 కంపనాలనుకోండి. గిటార్ మెట్ల లెక్కన సాధారణ గాంధారం సుమారు 262, అంతర గాంధారం 277. పాశ్చాత్య సంగీతానికి అలవాటుపడ్డ చెవికి మొదటిది దిగులుగా, రెండోది హాయిగా తోస్తుంది. బ్లూస్ గాంధారం ఎటూ తేల్చుకోని పిల్లాడిలా ఆ గడప మీదే నిలబడుతుంది. దాన్నే ‘బ్లూ నోట్’ అంటారు.

ఇక ఆయన గిటార్ నాదంలో వినిపించే వణుకు సంగతి. ఆయన బంధువు బుకా వైట్ తీగల మీద గొట్టం జార్చి వాయించేవాడు. ఆ విద్య తనకి పట్టుబడక, ఆ నాదం కోసమే కింగ్ ఎడమచేతిని వణికించడం మొదలుపెట్టాడు. చివరికి అదే ఆయన సంతకమైంది.

మరి అది వింటూ మనం కదలలేకపోవడం ఎందుకు? మాంట్రియల్ శాస్త్రవేత్తలు 2011లో ఒక ముచ్చటైన సంగతి ప్రచురించారు. ఇష్టమైన సంగీతంలో మనసు పొంగే చోటు రాకముందే, దానికోసం ఎదురుచూస్తుండగానే, మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుందట. కింగ్ పాడేటప్పుడు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. గొంతు అడిగి ఆగితే గిటార్ బదులిస్తుంది. ఆ బదులు కోసం మనం కాచుకుని ఉంటాం.

ఈ ఆల్బంలో మొదటి పాట బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అనే బ్లూస్ గాయకుడు 1920లలోనే రికార్డు చేసింది. కింగ్ పాడిన ఆ పాటనే ముందు పెడతాను. గొంతు ఆగి గిటార్ అందుకునే చోటు ఎక్కడో మీరే చెప్పండి.