తెరమీది సన్నని యక్షరములను పెద్దవి చేసికొను విధము

పొలము లెక్కలు కంప్యూటరులోనికి చేరి యేండ్లు గడచినవి. 2020వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ధరణి యారంభమయ్యెను. 2025 ఏప్రిలు 14వ తేదీన దాని స్థానమున భూభారతి వచ్చెను. రైతు తన సర్వే నంబరును తెరమీద చదువుకొనక తప్పదు.

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి.నగరువరకు గల బాట పొడవునను కంప్యూటరు నేర్పు బడులును, దరఖాస్తులు నింపు దుకాణములును గలవు. అట్టి దుకాణ మొకదానిలో మన సభ్యులొకరు 113/అ అను నంబరునకు దరఖాస్తు చేయింపగా, నింపిన పత్రమునందు 113/ఆ యని పడెను. అది వారి దాయాదుల పొలము! రుసుము చెల్లించిన పిమ్మటగాని తప్పు కానరాలేదు. మేమును ప్రక్కనే యుంటిమి. చత్వారము వచ్చినదని యొప్పుకొనుటకు సిగ్గుపడి తల యూపితిమి.

తప్పు కన్నులది మాత్రమే కాదు. తెలుగు అక్షరమునకు పైన గుడియో దీర్ఘమో, క్రింద వత్తో యుండును. తెర యనగా వరుసలుగా నాటిన వెలుగు చుక్కలు. అక్షరము చిన్నదైనకొలది దానికి దక్కు చుక్కలు తగ్గును. అప్పుడు మొదట చెడునది ఆ చిన్న గుర్తులే. అ, ఆ, ఇ, ఈ, అంకెలలో 3, 8 ఒక్కటిగా దోచును.

ఉపాయము సులభము. కీబోర్డుమీద కంట్రోల్ మీటను నొక్కిపట్టి, ప్లస్ గుర్తుగల మీటను మూడు నాలుగు మారులు నొక్కినచో పుట యించుమించు ఒకటిన్నర రెట్లగును. కంట్రోలుతో సున్నను నొక్కిన యథాస్థితికి వచ్చును. ఇట్లు పెంచుటవలన దస్తావేజు మారునేమో యని కొందరు భయపడుచున్నారు. భూతద్దము పెట్టిన పుస్తకము మారునా? ఇదియు నట్టిదే. విండోస్ కంప్యూటరులో భూతద్దము సయితము కలదు: విండోస్ మీటతో ప్లస్‌ను నొక్కిన వచ్చును, విండోస్ మీటతోనే ఎస్కేప్‌ను నొక్కిన పోవును. అన్ని పుటలును పెద్దవిగా నుండవలెనన్న, సెట్టింగులలో డిస్‌ప్లే యను చోట స్కేలును 125 గాని 150 గాని చేయవలెను.

కొందరు దుకాణదారులు దీనికి మారుగా రిజల్యూషనును తగ్గింతురు. అది మంచిది కాదు. తెరలోని చుక్కల సంఖ్య మారదు గనుక అక్షరము పెరుగును గాని అంచులు అలికినట్లగును.

కాగితము చదువుటకిచ్చిన కంటియద్దములు జానెడున్నర దూరమునకు సరిపడునవి. తెర చేచాపు దూరమున నుండును. వైద్యునితో ఈ సంగతి చెప్పి అద్దములు వ్రాయించుకొనుడు. వెనుక కిటికీ వెలుగు తెరపై బడకుండ కూర్చుండుడు.

రుసుము కట్టకమునుపు పుటను పెంచుమని దుకాణములోని పిల్లవానిని నిస్సంకోచముగా అడుగుడు. సర్వే నంబరును, దాని ప్రక్క యక్షరమును, ఎకరములను, గుంటలను వానిచే బిగ్గరగా చదివించి, చేతిలోని పాసుపుస్తకముతో సరిచూచుకొనుడు.