వేసవిలో మంచు యుద్ధం!

ఏడొందల ఏళ్ల కిందటి ఓ పోరును వెండితెరకెక్కించాడో దర్శకుడు. ఆ సినిమాను ఒక ఏడాది నెత్తిన పెట్టుకున్నారు, మరుసటి ఏడాది మూలన పడేశారు, ఆపైన రెండేళ్లకు దుమ్ము దులిపి మళ్లీ ఊరూరా ఆడించారు. ఈలోగా సినిమా కథ చరిత్రయి కూర్చుంది. అదే... ‘అలెగ్జాండర్‌ నెవ్‌స్కీ’!

1938 వేసవి. మాస్కోలోని మాస్‌ఫిల్మ్‌ స్టూడియో దగ్గర చెట్లకు లేత నీలం రంగు పూస్తున్నారు. వాటిమీద సుద్దపొడి చల్లుతున్నారు. నేలమీద తారు, కరిగించిన గాజు, తెల్లటి ఇసుకలతో ఏకంగా ఓ గడ్డకట్టిన సరస్సునే తయారుచేశారు. మంచు పలకల కింద గాలితిత్తులు పెట్టారు. వాటిలో గాలి తీసేస్తే పైనున్న ‘మంచు’ ముక్కలై శత్రుసైనికులు నీళ్లలో మునిగిపోవాలి. ఇక, నటులేమో దళసరి దుస్తులూ కవచాలూ తగిలించుకుని మండుటెండలో కత్తులు దూస్తున్నారు. చలికాలపు వెలుగులా కనిపించేందుకు ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్‌ టిస్సె కెమెరాకు ఫిల్టర్లు బిగించాడు.

ఇంత హడావుడి ఎందుకంటే, చలికాలం వచ్చేదాకా ఆగే తీరిక లేదు. ఆ ఏడాదే సినిమా విడుదల కావాలి. అయింది కూడా!

ఆఖరి అవకాశం

దర్శకుడు సెర్గీ ఐజెన్‌స్టీన్‌. 1925లో ‘బాటిల్‌షిప్‌ పొటెంకిన్‌’ తీసి ప్రపంచ సినిమాకు కొత్త పాఠాలు చెప్పినవాడు. అంతటివాడికీ గడ్డురోజులొచ్చాయి. 1937లో ఆయన తీస్తున్న ‘బెజిన్‌ మెడో’ను ప్రభుత్వం మధ్యలోనే ఆపించేసింది. తప్పు నాదేనంటూ ఆయన బహిరంగంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. స్టాలిన్‌ పాలనలో రాత్రికి రాత్రే మనుషులు మాయమవుతున్న కాలమది. అలాంటి సమయంలో చేతికొచ్చిన సినిమా ఇది. ఈసారి తప్పటడుగు పడితే పోయేది పేరొక్కటే కాదు! ఆయన దారి తప్పకుండా రచయిత ప్యోత్ర్‌ పావ్‌లెంకోనూ సహ దర్శకుడు ద్మిత్రీ వసీల్యేవ్‌నూ పక్కనే పెట్టారు. ఐజెన్‌స్టీన్‌ పూర్తిచేసిన తొలి టాకీ ఇదే.

కథ 13వ శతాబ్దానిది. తూర్పున మంగోలుల పెత్తనం. పడమటి నుంచి దండెత్తి వచ్చిన ట్యుటానిక్‌ యోధులు ప్స్కోవ్‌ పట్టణాన్ని పట్టుకున్నారు. వాళ్ల తర్వాతి గురి నొవ్‌గొరొద్‌. అక్కడి జనం యువరాజు అలెగ్జాండర్‌ను ఆశ్రయిస్తారు. 1240లో నేవా నది దగ్గర స్వీడన్‌ సేనను ఓడించాడు కాబట్టే ఆయన ‘నెవ్‌స్కీ’ అయ్యాడు. ఒకే అమ్మాయిని ప్రేమించిన ఇద్దరు వీరులూ, నవ్వులు పంచే ఓ కవచాల తయారీదారూ కథలో ఉన్నారు. చివరికి అందరూ చేరేది పైపస్‌ సరస్సుకే. 1242 ఏప్రిల్‌ 5న జరిగిన ఆ పోరు తెరమీద దాదాపు అరగంటసేపు సాగుతుంది.

ముఖం లేని శత్రువు

సినిమాలో రష్యన్ల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. నవ్వుతారు, ఏడుస్తారు, కోప్పడతారు. శత్రువులకు మాత్రం ముఖాలే ఉండవు. బక్కెట్టు బోర్లించినట్టుండే శిరస్త్రాణాలూ, చూపు కోసం వాటికి సన్నటి చీలికలూ... అంతే. వాళ్ల వెంట నడిచే సైనికుల శిరస్త్రాణాలు మొదటి ప్రపంచయుద్ధంనాటి జర్మన్‌ సైనికుల టోపీల్ని గుర్తుకుతెస్తాయి. పట్టణం చేజిక్కాక మతగురువు దీవిస్తుండగానే పసిపిల్లల్ని మంటల్లో పడేసే సన్నివేశం చూస్తే, దర్శకుడు ఎవరి గురించి చెబుతున్నాడో 1938 నాటి ప్రేక్షకుడికి ఇట్టే అర్థమైపోతుంది. తెరమీద ఉన్నది మధ్యయుగం, మనసులో మెదిలేది హిట్లర్‌!

ఆ భయానికి ప్రాణం పోసింది సెర్గీ ప్రొకోఫీవ్‌ సంగీతం. శత్రువుల కొమ్ముబూరల మోత చెవులకు కటువుగా వినిపించాలని వాద్యకారుల్ని మైకు దగ్గరగా నిలబెట్టి, శబ్దం చెదిరేలా రికార్డు చేయించాడాయన. కొన్నిచోట్ల తీసిన దృశ్యానికి బాణీ కడితే, మరికొన్నిచోట్ల ముందే కట్టిన బాణీకి తగ్గట్టు ఐజెన్‌స్టీన్‌ దృశ్యాల్ని కూర్చాడు. ప్రొకోఫీవ్‌ 1939లో అదే సంగీతాన్ని బృందగానంగా మలిచాడు. అది నేటికీ కచేరీల్లో వినిపిస్తూనే ఉంది.

ఎవరా యోధులు?

అసలు ట్యుటానిక్‌ సంఘం పుట్టింది యుద్ధం చేయడానికి కాదు, వైద్యం చేయడానికి. 1190లో పవిత్రభూమిలోని ఏకర్‌ కోట ముట్టడి సమయంలో జర్మన్‌ యాత్రికులకూ సైనికులకూ సేవచేసే ఆసుపత్రిగా మొదలైంది. 1198లో సైనిక సంఘమైంది. సభ్యులు సన్యాసుల్లా బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత పాటిస్తామని ప్రమాణం చేసి మరీ కత్తి పట్టేవారు. నల్ల శిలువ ఉన్న తెల్లటి అంగీ వాళ్ల గుర్తు. అన్యమతస్థుల్ని క్రైస్తవంలోకి మార్చే పేరుతో బాల్టిక్‌ తీరంలో రాజ్యాలే ఏలారు. అదే ఊపులో, అప్పటికే క్రైస్తవులైన రష్యన్ల మీదికీ వెళ్లారు. రోమ్‌ చర్చికీ ఆర్థడాక్స్‌ చర్చికీ ఉన్న వైరమే అందుకు సాకు.

ఈ సంఘం ఇప్పటికీ ఉంది. కాకపోతే కత్తులు లేవు. వియన్నా కేంద్రంగా మతసేవ, దానధర్మాలు చేస్తోంది. అన్నిటికన్నా పెద్ద విచిత్రం... సినిమా ఆ యోధుల్ని నాజీల పూర్వీకులుగా చూపించిన 1938లోనే, ఆస్ట్రియాను ఆక్రమించిన నాజీలు అసలు సంఘాన్ని రద్దుచేసి పారేశారు!

మునిగింది ఎందరు?

మంచు విరిగి, బరువైన కవచాలతో యోధులు సరస్సులో మునిగిపోవడం ఈ సినిమాకు పతాక సన్నివేశం. ఒకసారి చూస్తే మర్చిపోలేం. ‘పైపస్‌ యుద్ధం’ అనగానే చాలామందికి గుర్తొచ్చేదీ అదే. కానీ, ఆ యుద్ధం గురించి తొలినాళ్లలో రాసిన వృత్తాంతాల్లో సరస్సు సైన్యాన్ని మింగేసిన ముచ్చటే లేదు. జర్మన్ల వైపు రాసిన పద్యచరిత్ర ప్రకారం చనిపోయిన యోధులు 20 మంది, పట్టుబడినవాళ్లు ఆరుగురు. నొవ్‌గొరొద్‌ చరిత్రకారులేమో 400 మంది జర్మన్లు చనిపోయారనీ, 50 మంది దొరికారనీ రాసుకున్నారు. శత్రువుల కాళ్లకింద మంచు విరిగిందన్న కబురు వేరే యుద్ధానిది. అది 1234లో ఓ నదిమీద జరిగింది. అప్పుడు రష్యన్లను నడిపించింది అలెగ్జాండర్‌ తండ్రి.

ఆడించారు... ఆపేశారు!

సినిమా ఘనవిజయం సాధించింది. 1939 ఫిబ్రవరిలో ఐజెన్‌స్టీన్‌కు ‘ఆర్డర్‌ ఆఫ్‌ లెనిన్‌’ దక్కింది. గండం గట్టెక్కిందనుకుంటే, ఆగస్టు 23న స్టాలిన్‌ హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. నిన్నటిదాకా శత్రువులైన జర్మన్లు ఒక్కరోజులో మిత్రులైపోయారు. దాంతో సినిమా థియేటర్లలోంచి మాయం! ఆ దర్శకుడికే 1940లో మరో పని అప్పగించారు. బొల్షొయ్‌ థియేటర్లో జర్మన్‌ సంగీతకారుడు వాగ్నర్‌ ఒపెరాను రంగస్థలం ఎక్కించాలట! చేశాడు. చేయక తప్పుతుందా?

1941 జూన్‌ 22న హిట్లర్‌ సేనలు సోవియట్‌ నేలమీద కాలుపెట్టాయి. అటకమీది డబ్బాలు మళ్లీ కిందికి దిగాయి. ఊరూరా అదే సినిమా! ఒక్క ఫ్రేమూ మారక్కర్లేదు, చూసే కాలం మారిందంతే.

1942లో ఎర్రసైన్యం అధికారుల కోసం అలెగ్జాండర్‌ నెవ్‌స్కీ పేరిట పతకం పెట్టారు. దానిమీద ఆయన బొమ్మ ఉండాలి. కానీ ఆయన ఎలా ఉండేవాడో చెప్పే చిత్రమేదీ లేదు. దాంతో సినిమాలో ఆ పాత్ర వేసిన నికొలాయ్‌ చెర్కాసోవ్‌ ముఖాన్నే పతకంమీద చెక్కేశారు. యుద్ధంలో సాహసం చూపినందుకు 40 వేలకుపైగా పతకాలు ఇచ్చారు. అంటే, వేలమంది నిజమైన వీరులు ఛాతీమీద మోసింది ఓ నటుడి ముఖాన్ని!

మాటల సంగతీ అంతే. కత్తితో వచ్చినవాడు కత్తికే బలవుతాడన్న అర్థంలో సినిమా చివర హీరో చేసే హెచ్చరికను చాలామంది రష్యన్లు అలెగ్జాండర్‌ నోట వచ్చిన మాటగానే నమ్ముతారు. నిజానికది బైబిలు బోధ ఆధారంగా సినిమా కోసం రాసిన డైలాగు. 2008లో రష్యా టీవీ ‘దేశచరిత్రలో మహనీయుడెవరు’ అని ప్రజల్ని ఓట్లడిగితే మొదటి స్థానం దక్కింది అలెగ్జాండర్‌ నెవ్‌స్కీకే. ఆ ఓట్లలో 13వ శతాబ్దపు యువరాజుకు పడినవెన్నో, 1938 నాటి హీరోకు పడినవెన్నో విడదీసి లెక్కపెట్టడం మాత్రం ఎవరితరమూ కాదు!