పశుపోషణ శాస్త్రము — మన బిడ్డల చదువు

పశువులను మేపుట తాతలనాటి పని, దానికి కాలేజీ చదువేల యని మన మైపాడు రైతు సోదరులు కొందరు నవ్వుదురు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీట కరగించి చల్లి, గాలి చొరకుండ మూడు వారములు కప్పియుంచినచో అవి ఇంచుమించు రెట్టింపగును. (చిన్న దూడలకు మాత్రము ఈ గడ్డి పెట్టరాదు.) ఇట్టి లెక్కలు తేల్చునదే పశుపోషణ శాస్త్రము. రొయ్యల చెరువులు గలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పెట్టుబడిలో ఇంచుమించు సగము మేతకే పోవుచున్నది.

పిల్లలను దీనికి పంపదలచినవారు పదవ తరగతి ముగియగానే నిర్ణయింపవలెను. ఇంటరులో లెక్కల గ్రూపున చేర్చి, పిమ్మట విచారించిన లాభము లేదు, జీవశాస్త్రము చదివియుండవలెను. నీట్ పరీక్షలో తగిన ర్యాంకు వచ్చినచో పశువైద్య పట్టమునకు అయిదున్నర యేండ్లు. అందొక యేడు ఆసుపత్రి శిక్షణ. తిరుపతిలో 1955లో నెలకొన్న కళాశాల మనకు అందుబాటుననే యున్నది. అటుపై పశుపోషణమునే రెండేండ్లు ప్రత్యేకముగ చదివి ఎం.వి.ఎస్‌సి. పొందవచ్చును. చేపలు, రొయ్యల మేత నేర్వగోరువారికి మన ముత్తుకూరులోనే మత్స్యశాస్త్ర కళాశాల కలదు. అచట చదువు నాలుగేండ్లు.

సర్కారు కొలువే కొలువనుకొనువారు ఇటు రాకుండుటే మేలు. పాల డెయిరీలు, కోళ్ల ఫారములు, దాణా మిల్లులు కూడ ఈ చదువరులను కోరును. వేరుసెనగ చెక్కలో బూజువిషము కలదా, తవుడులో ఊక కలిసినదా యని పరీక్షించి, దాణా పాళ్లు నిర్ణయించుట వీరి పని.

అంతకాలము చదివింపజాలనివారు పదవ తరగతి పిదప పశుసంవర్ధక పాలిటెక్నిక్కున రెండేండ్ల డిప్లొమాకు పంపవచ్చును.