ఖాతాలో కోత పడిందా... ఏ నిబంధన కింద అని అడగండి
నియమం తప్పి వసూలు చేసిన రుసుములను పైసా ఖర్చు లేకుండా రాబట్టుకునే మార్గాలున్నాయి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: బతుకుదెరువు కోసం ముంబయి, పుణె వెళ్లిన పాలమూరు కూలీ మూడేళ్లకు ఊరికి తిరిగొచ్చి పాస్‌బుక్కు ముద్రించుకుంటే, దాచుకున్న వెయ్యి రూపాయల స్థానంలో సున్నా కనిపిస్తుంది. పింఛను సొమ్ము తీసుకోవడానికి వచ్చిన అవ్వకు ప్రతిసారీ కొంత తక్కువే చేతికందుతుంది. పోయింది మూడు నాలుగు వందలే కదా, దాని కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవడమెందుకని ఎక్కువ మంది మౌనంగా వెనుదిరుగుతున్నారు. ఇలాంటి చిన్న మొత్తాలే కలిసి పెద్ద రాశి అవుతాయి. కనీస నిల్వ లేదన్న కారణంతో 2019-20 నుంచి 2023-24 వరకు ఐదేళ్లలో ప్రభుత్వరంగ బ్యాంకులు సుమారు 8,500 కోట్ల రూపాయలు వసూలు చేసినట్లు కేంద్ర ప్రభుత్వమే 2024 జులైలో పార్లమెంటుకు తెలిపింది.

'ఎక్కువ' అంటే చాలదు

రుసుము ఎంత ఉండాలన్నది చాలావరకు బ్యాంకు పాలకమండలి నిర్ణయానికే రిజర్వు బ్యాంకు వదిలేసింది. కాబట్టి 'రుసుము మరీ ఎక్కువ' అన్న ఫిర్యాదు సాధారణంగా నిలవదు. బ్రిటన్ అనుభవమూ ఇదే చెబుతోంది. అక్కడ 2006, 2007 సంవత్సరాల్లో వేలాది ఖాతాదారులు అధిక రుసుములపై చిన్న దావాల న్యాయస్థానాలకెక్కారు. చాలామందికి డబ్బు వాపసు వచ్చింది కూడా. ఆ రుసుముల మొత్తం న్యాయమైనదా కాదా అని వినియోగదారుల నిబంధనల కింద తూచడం కుదరదని 2009 నవంబర్ 25న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో ఆ వెల్లువ ఆగిపోయింది.

అందుచేత మన ఖాతాదారుడు వేయవలసిన ప్రశ్న 'ఎందుకింత?' అన్నది కాదు. 'ఏ నిబంధన ప్రకారం తీసుకున్నారు, ముందుగా నాకు తెలియజేశారా?' అన్నది. నియమం తప్పినట్లు తేలితే బ్యాంకు సొమ్ము తిరిగి జమ చేయవలసిందే.

నిబంధనలు ఏమంటున్నాయి?

కనీస నిల్వ: 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఆదేశాల ప్రకారం నిల్వ తగ్గగానే సంక్షిప్త సందేశం, ఈ-మెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారునికి తెలపాలి. నెల రోజుల్లో నిల్వ సరిచేయకపోతేనే రుసుము విధించాలి. అది కూడా తక్కువైన మొత్తానికి అనుగుణంగానే ఉండాలి. వెయ్యి ఉండవలసిన చోట ఆరువందలుంటే, లెక్క కట్టవలసింది తగ్గిన నాలుగువందల మీదే. ఈ రుసుము కారణంగా ఖాతా సున్నా కంటే కిందికి పోకూడదు. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో, కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకులు 2025లో పొదుపు ఖాతాలకు ఈ రుసుమును ఎత్తివేశాయి.

నిష్క్రియ ఖాతా: రెండేళ్లకు పైగా ఖాతాదారుడు లావాదేవీ జరపని ఖాతాను నిష్క్రియ ఖాతాగా పరిగణిస్తారు. అలాంటి ఖాతాలో కనీస నిల్వ లేదని రుసుము విధించరాదు. తిరిగి క్రియాశీలం చేయడానికీ డబ్బు తీసుకోరాదు. వలస కూలీలకు ప్రధానంగా ఉపయోగపడే నియమమిది.

జన్‌ధన్ ఖాతా: జన్‌ధన్ సహా ప్రాథమిక పొదుపు ఖాతాలకు కనీస నిల్వ షరతే లేదు. నెలకు కనీసం నాలుగు ఉపసంహరణలు ఉచితం. ఏటీఎం కార్డుకు వార్షిక రుసుము ఉండదు.

ఏటీఎంలో నగదు రాకుంటే: డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడితే ఐదు రోజుల్లోగా తిరిగి జమ కావాలి. ఆపై ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. 2019 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు ఈ ఆదేశమిచ్చింది.

చిన్న రుణాలు: ప్రాధాన్య రంగం కింద 50 వేల రూపాయల వరకు ఇచ్చే రుణాలపై సేవా, తనిఖీ రుసుములు వసూలు చేయరాదు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 25 వేలే. మహిళా సంఘాల రుణాలకు ఈ పరిమితిని సంఘం మొత్తానికి కాక ఒక్కో సభ్యురాలికి లెక్కించాలి.

ప్రతి కోతా రుసుము కాదు

మే నెలాఖరులో కనిపించే 436, 20 రూపాయల కోతలు సాధారణంగా ప్రధానమంత్రి జీవనజ్యోతి, సురక్ష బీమా పథకాల ప్రీమియాలు. అంగీకారం ఇవ్వకుండానే వీటిని మినహాయించారని భావిస్తే, సంతకం చేసిన అంగీకార పత్రం చూపమని బ్యాంకును కోరవచ్చు. అయితే తెలియక రద్దు చేసుకుంటే బీమా రక్షణ పోతుంది. జీవనజ్యోతి ప్రీమియం చెల్లించి ఉంటే ఖాతాదారుడు మరణించినప్పుడు కుటుంబానికి రెండు లక్షల రూపాయలు అందుతాయన్నది మరచిపోరాదు.

మూడు మెట్లు

మొదటి మెట్టు శాఖాధికారి. పాస్‌బుక్కులో కోత పడిన తేదీ, మొత్తం గుర్తించి, ఏ నిబంధన కింద తీసుకున్నారో తెలపాలని, నియమం తప్పితే తిరిగి జమ చేయాలని కోరుతూ తెలుగులోనే రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఇచ్చి, రెండోదానిపై తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా అడిగినదానికి సాక్ష్యం ఉండదు. తర్వాతి మెట్లన్నీ ఈ కాగితం మీదే ఆధారపడి ఉంటాయి.

రెండో మెట్టు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2021 నవంబర్ 12 నుంచి దేశమంతటికీ ఒకే పథకం వచ్చింది. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు, ప్రయాణమూ అవసరం లేదు. ఆన్‌లైన్‌లో గానీ, చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల స్వీకరణ కేంద్రానికి ఉత్తరం ద్వారా గానీ ఏ భాషలోనైనా పంపవచ్చు. సందేహాలకు 14448 నంబరును సంప్రదించవచ్చు. గ్రామీణ బ్యాంకులతో పాటు, 2025 నవంబర్ నుంచి జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. గడువు ముగిసే వరకు ఆగకుండా, నెల నిండిన వెంటనే పంపడం క్షేమం.

మూడో మెట్టు వినియోగదారుల కమిషన్. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం సేవాలోపంపై రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు దాఖలు రుసుము లేదు. ఖాతా ఏ ఊళ్లో ఉన్నా, ఫిర్యాదుదారుడు నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. తన వాదన తానే వినిపించుకోవచ్చు, దృశ్యమాధ్యమం ద్వారా విచారణ కోరవచ్చు. మానసిక వేదనకు, ఖర్చులకు కూడా పరిహారం అడగవచ్చు. సలహా కోసం 1915 నంబరు ఉంది. ఒకే విషయంపై కమిషన్‌లో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ ఫిర్యాదు స్వీకరించరు. కాబట్టి చిన్న మొత్తాలకు ముందుగా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించడమే సులువు.

మూడు వందల రూపాయలు బ్యాంకు పద్దులో లెక్కకు రాకపోవచ్చు. కూలి చేసుకునే కుటుంబానికి అది వారం రోజుల ఉప్పూ పప్పూ. దాన్ని రాబట్టుకోవడానికి కావలసింది పాస్‌బుక్కు, ఒక తెల్లకాగితం, దానిపై బ్యాంకు ముద్ర.