మారిషస్‌లో ఒక పగలు

కాకినాడ నుండి యానాం వెళ్ళే దారిలో కోరంగి అనే ఊరు ఉన్నది. మీలో యానాంలో చదువుకొంటున్నవారికి ఇది పొరుగూరే. ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టేవారు. దూరదేశాలకు సరకులు ఎగుమతి అయ్యేవి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఈ రేవును దారుణంగా దెబ్బతీసింది. అయినా ఓడల రాకపోకలు పూర్తిగా ఆగిపోలేదు. 1843లో ఇక్కడి నుండి కొందరు తెలుగువారు కూలిపని కోసం ఒక దూరపు దీవికి బయలుదేరారు. వారెక్కిన ఓడ పేరు కూడ 'కోరంగి ప్యాకెట్'. ఆ దీవి పేరు మారిషస్. అక్కడ తెలుగువారిని చాలాకాలం 'కోరంగీలు' అనే పిలిచారు. గైడును వెంటబెట్టుకొని ఆ దీవిలో ఒక పగలు ఎలా తిరగవచ్చునో, ఏమేమి చూడవచ్చునో తెలుసుకొందాం.

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అగ్నిపర్వతాలు కక్కిన లావా గట్టిపడి ఏర్పడిన దీవి ఇది. పొడవు దాదాపు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఒకరి తరువాత ఒకరు దీనిని పాలించారు. 1968 మార్చి 12న స్వతంత్రమైంది. భూమధ్యరేఖకు దక్షిణంగా ఉండడం వల్ల అక్కడి ఋతువులు మనకు ఎదురుగా నడుస్తాయి. మనం మే నెల ఎండలకు అల్లాడుతుంటే అక్కడ చలికాలం మొదలవుతుంది. జనవరి నుండి మార్చి వరకు తుఫానుల భయం ఎక్కువ. మన గడియారంలో ఉదయం ఏడున్నర అయితే వారి గడియారంలో ఆరే అవుతుంది.

ఇంత చిన్న దీవిని ఒక్క పగలు చుట్టి రావచ్చునని కొత్తగా వెళ్ళినవారు అనుకొంటారు. అది పొరపాటు. నడుమ ఎత్తైన పీఠభూమి, దాని అంచుల్లో కొండలు ఉన్నాయి. కొండదారులు మెలికలు తిరుగుతాయి. రాజధాని పోర్ట్ లూయీలో ఉదయం, సాయంత్రం వాహనాలు బారులు తీరుతాయి. కనుక ఉత్తర భాగాన్ని ఒక రోజు, నైరుతి భాగాన్ని మరొక రోజు చూడడం పరిపాటి. ఉన్నది ఒకే రోజైతే, ఏది చూడాలో ఎంచుకోవాలి. ఏది వదులుకోవాలో కూడ తేల్చుకోవాలి. రెండవది మొదటిదానికంటే కష్టం.

చూడడానికి రెండు మార్గాలున్నాయి. పెద్ద బస్సులో ఇరవై ముప్ఫై మందితో కలిసి వెళ్ళవచ్చు. ఖర్చు తక్కువ. కాని బస్సు ఆగినచోటే ఆగాలి, కదలమన్నప్పుడు కదలాలి. రెండవది, ఒక కుటుంబమో నలుగురు స్నేహితులో కలిసి కారు మాట్లాడుకొని వెళ్ళడం. అక్కడ సాధారణంగా కారు నడిపే వ్యక్తే గైడుగా కూడ ఉంటాడు. ముందుగానే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. కిరాయి గంటల లెక్కనా, రోజు లెక్కనా? పెట్రోలు అందులో కలిసి ఉన్నదా? ప్రవేశ రుసుములు ఎవరివి? వాహనానికి పర్యాటకులను తిప్పే అనుమతి ఉన్నదా? ఇవన్నీ కాగితం మీద రాసుకొంటే సాయంత్రం మాటపట్టింపులు రావు. కొందరు డ్రైవర్లు అడగకపోయినా మనల్ని బట్టల దుకాణాలకు, బొమ్మ ఓడలు అమ్మే దుకాణాలకు తీసుకువెళ్తారు. కొన్న సరకు మీద వారికి కొంత ముడుతుంది. 'మాకు దుకాణాలు వద్దు' అని బయలుదేరేటప్పుడే నవ్వుతూ చెబితే గంటన్నర కలిసి వస్తుంది.

నేను వెళ్ళినప్పుడు నా గైడు యాభై ఏళ్ళ మనిషి. తాతముత్తాతలు తెలుగువారని చెప్పాడు. తెలుగులో నమస్కారం పెట్టాడు. ఆ తరువాత మా సంభాషణ అంతా ఇంగ్లీషులోనే సాగింది. ఫోనులో ఇంటివారితో మాట్లాడింది క్రియోల్ భాషలో. ఫ్రెంచి మాటల నుండి పుట్టిన ఈ క్రియోల్ అక్కడ దాదాపు అందరి నోటా వినిపిస్తుంది.

ఉదయం మొదట పోర్ట్ లూయీ రేవు పక్కనున్న ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్ళాం. చూడడానికి పెద్దగా ఏమీ లేదు. నల్లరాతి గోడలు, కొన్ని గదుల ఆనవాళ్ళు, 16 మెట్లు. ఎండ పెరగకముందే ఇక్కడికి రావడం మంచిది. మనసు నిలిపి చూడవలసిన చోటు ఇది. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది. చెరకుతోటల యజమానులకు పనివారు కావలసివచ్చారు. అంతకు కొంచెం ముందే, 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను తెచ్చింది. 1849లో ఈ కట్టడం నిర్మించారు. 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు ఇలా ఓడలలో వచ్చారు. కొందరిని ఇక్కడి నుండే ఇతర దేశాలకు పంపారు. ఒప్పందం అయిదేళ్ళు. కూలి నెలకు అయిదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పందమనే మాట ఉన్నంత మాత్రాన ఇరుపక్షాలూ సమానమని అనుకోరాదు. వేలిముద్ర వేసినవారిలో చాలామందికి ఆ కాగితంలో ఏమి రాసి ఉన్నదో తెలియదు.

ఓడ దిగినవారు ఈ మెట్లెక్కి లోపలికి వచ్చేవారు. గుమాస్తా ఒక్కొక్కరికి ఒక అంకె ఇచ్చేవాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసుకొనేవాడు. గుమాస్తాకు మన భాష రాదు. తన చెవికి వినబడినట్లు రాశాడు. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, వారి పద్ధతిలో చివర ఉంటుంది. ఈ తికమకలో చాలా కుటుంబాల ఇంటిపేర్లు పోయాయి. తండ్రి పేరో తాత పేరో ఆ తరువాత తరాలకు ఇంటిపేరుగా నిలిచింది. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నవంబరు 2 ఆ దేశంలో సెలవు రోజు.

అక్కడికి దగ్గరలోనే పాత మార్కెట్టు ఉన్నది. ఒక బండి దగ్గర గైడు కాగితం పొట్లంలో వేడివేడిగా ఏవో కొనిచ్చాడు. 'గాతో పిమా' అంటారట. అంటే మిరపకాయ కేకు అని అర్థం. కొరికి చూస్తే అది అచ్చంగా మన పప్పు వడే! పప్పు నానబెట్టి, రుబ్బి, పచ్చిమిర్చి కలిపి నూనెలో వేయించినది. పేరు ఫ్రెంచి, రుచి మనది. పచ్చడిని వారు 'సాతిని' అంటారు. మునగాకు కట్టలు కూడ అమ్ముతున్నారు. దాని పేరు 'బ్రెద్ మురుమ్'. తమిళనాడులో చదివే విద్యార్థులు ఆ రెండో మాటలో ముంగైని కాదు, మురుంగైని వెంటనే పోల్చుకొంటారు.

అక్కడి నుండి ఉత్తరంగా 11 కిలోమీటర్లు వెళితే పాంపిల్‌మూస్ వనం వస్తుంది. ఇది 18వ శతాబ్దంలో పియేర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచి అధికారి పెంచిన తోట. ఆ రోజుల్లో జాజికాయ, లవంగం వ్యాపారం డచ్చివారి గుప్పిట్లో ఉండేది. ఆయన ఆ మొక్కలను రహస్యంగా తెప్పించి ఇక్కడ నాటించాడు. తోటలోని కొలనులో పళ్ళెం వలె అంచులు పైకి తిరిగిన పెద్ద పెద్ద కలువ ఆకులు తేలుతుంటాయి. వాటి పువ్వు మొదటి రోజు తెల్లగా విరిసి, రెండవ రోజు గులాబి రంగుకు మారుతుంది. అందరూ దానికే ఫోటోలు తీస్తారు. నాకు మాత్రం శ్రీతాళం చెట్టు దగ్గర కాళ్ళు ఆగాయి. పూర్వం మనవారు గ్రంథాలు రాసుకొన్న ఆకుల్లో దీని ఆకు ఒకటి. ఈ చెట్టు ముప్ఫై ఏళ్ళో, అంతకు మించో పెరిగి, జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ఆ పూత కాయలై రాలిన తరువాత ఎండిపోతుంది.

వనం నుండి వెనక్కి వస్తుంటే దారికి ఇరువైపులా చెరకు. ఆ చేల నడుమ అక్కడక్కడ నల్లరాళ్ళ గుట్టలు, కొన్ని పిరమిడ్ల వలె పొందికగా పేర్చినవి. అవి కోటలూ కావు, గుళ్ళూ కావు. లావా నేలంతా రాళ్ళే. ఆ రాళ్ళను ఒక్కొక్కటిగా ఏరి, మోసి, గుట్టలు పెడితే కాని చెరకు నాటడానికి చోటు దొరకలేదు. మొదట బానిసలు, తరువాత మన కూలీలు చేసిన పని అది. బస్సులో వెళ్ళేవారికి ఈ గుట్టలు కిటికీలో నుండి కనబడి మాయమవుతాయి. మా కారు పది నిమిషాలు ఆగింది.

దారిలో మోకా అనే చోట మహాత్మా గాంధీ సంస్థ ఉన్నది. కూలీల నమోదు పుస్తకాలను ఇక్కడ భద్రపరిచారు. 1860 తరువాతి కాలంలో వచ్చిన అనేకుల ఫోటోలు కూడ ఉన్నాయి. తమ పూర్వికుల అంకె తెలిసినవారు వచ్చి, వారు ఏ ఓడలో, ఏ సంవత్సరం, ఏ ఊరి నుండి వచ్చారో తెలుసుకొంటారు. కాలక్షేపానికి వెళ్ళే చోటు కాదు కనుక ముందుగా అడిగి, పని రోజులలోనే వెళ్ళాలి. తన ముత్తాత కాగితం తాను చూశానని గైడు చెప్పాడు. ఊరి పేరు సరిగా చదవడానికి రాలేదట.

మారిషస్‌లో తెలుగువారు నూటికి ముగ్గురికి మించరు. వారిలో ఎక్కువమంది పూర్వికులు గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలవారు. ఇది కాగితాలు లేకుండానే కొంత పోల్చుకోవచ్చును. అక్కడి తెలుగు గుళ్ళలో సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు. అమ్మోరు పండుగ జరుపుతారు. దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. సింహాచలం ఏ సీమలో ఉన్నదో, అమ్మవారిని 'అమ్మోరు' అని ఎవరు పిలుస్తారో మనకు తెలుసు కదా! ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. కొన్ని బడులలో తెలుగు నేర్పుతున్నారు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దేశంలోనే. అయినా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా తక్కువ. పాట నిలిచింది, మాట జారిపోయింది.

పీఠభూమి మీదికి ఎక్కేకొద్దీ చలి, సన్నని తుంపర. తీరంలో ఎండ కాస్తున్నప్పుడు పైన వాన పడడం అక్కడ మామూలే. గొడుగు, శాలువ ఉండాలి. సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున, అగ్నిపర్వత ముఖంలో నిండిన సరస్సు ఉన్నది. దాని పేరు గంగా తలావ్. 1972లో మన గంగ నీళ్ళు తెచ్చి ఇందులో కలిపారు. మహాశివరాత్రికి లక్షలమంది కాలినడకన ఇక్కడికి చేరుతారు. ఒడ్డున 33 మీటర్ల శివుని విగ్రహం నిలిచి ఉన్నది. మామూలు రోజుల్లో కోతులు, పొగమంచు, నిశ్శబ్దం.

షామరెల్‌లోని ఏడురంగుల మట్టి చూడాలని అందరికీ ఉంటుంది. లావారాయి చివికి మట్టి కాగా, అందులో మిగిలిన ఇనుము, అల్యూమినియం ఆక్సైడుల వల్ల ఎరుపు, ఊదా వంటి రంగులు వచ్చాయి. మాకు పొద్దు చాలలేదు. దాన్ని వదులుకొని నేరుగా లె మార్న్ తీరానికి దిగాం. సముద్రం ఒడ్డున 556 మీటర్ల ఎత్తైన ఒంటి కొండ అది. తోటల నుండి పారిపోయిన బానిసలు దాని గుహల్లో తలదాచుకొన్నారు. 1835లో విడుదల కబురు చెప్పడానికి పోలీసులు వస్తుంటే, పట్టుకోవడానికే వస్తున్నారని భ్రమపడి వారు కొండ మీది నుండి దూకారని గైడులు చెబుతారు. ఇది తరతరాలుగా చెప్పుకొంటున్న కథ. అక్కడ దాగినది చరిత్ర, దూకినది కథ అని వేరుచేసి వినాలి. గైడు చెప్పేటప్పుడు 'ఇది ఎలా తెలిసింది?' అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. మంచి గైడు దానికి సంతోషిస్తాడు.

తీరానికి కొంత దూరంలో తెల్లని నురుగు గీత కనబడింది. అక్కడ పగడపు దిబ్బ అలలను అడ్డగిస్తుంది. అందుకే ఒడ్డున నీరు చెరువు వలె నిలకడగా ఉంటుంది. పగడపు ముక్కలు, గవ్వలు ఏరి తీసుకుపోరాదు. 2020 జులైలో ఆగ్నేయ తీరాన ఒక ఓడ ఈ దిబ్బనెక్కి, దాదాపు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కలిసింది. ఊళ్ళవాళ్ళు గోనెలలో, గుడ్డలలో ఎండు చెరకాకు కూరి, నీటి మీద అడ్డుకట్టలుగా కట్టారు. గైడు కూడ రెండు రోజులు వెళ్ళి ఆకు కూరాడట.

పొద్దు గుంకుతుండగా తిరుగు ప్రయాణం. అనుకొన్న కిరాయి ఇచ్చి, పైన కొంత చేతిలో పెట్టాను. అతడు దాన్ని జేబులో వేసుకొని, ఉదయం నుండి అడగాలనుకొన్నట్లు అడిగాడు: "మా వాళ్ళు కోరంగి నుండి వచ్చారంటారు. అది ఇప్పుడు ఉన్నదా, మునిగిపోయిందా?"

ఉన్నదని చెప్పాను. రేవు పూడిపోయిందనీ, ఓడలు రావనీ, చుట్టూ మడ అడవులు పెరిగాయనీ, ఊరు మాత్రం ఉన్నదనీ, కాకినాడ నుండి బస్సులో వెళ్ళవచ్చుననీ చెప్పాను. ఊరి పేరు తెలుగులో రాసిమ్మని ఒక చీటీ తీశాడు. రాసిచ్చాను. కారు లోపలి దీపం వెలిగించి, ఆ మూడు అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కొన్నాడు.